‘సుల్తానా కల’ మద్రాసులో ఎందుకు అచ్చయింది?

‘సుల్తానాస్ డ్రీమ్’ను సైన్స్ ఫిక్షన్ అనవచ్చా, బెంగాలీ రచయిత్రి కథ మద్రాసు పత్రికలో ఎందుకు వచ్చింది అని అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. రొకేయా సఖావత్ హుసేన్ ఈ కథను ఇంగ్లీషులోనే రాశారు. 1905లో దీన్ని ప్రచురించిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ను 1901లో మద్రాసులో ప్రారంభించిన కమలా సత్తియనాథన్ మన రాజమండ్రిలో పుట్టినావిడ. భారతీయ స్త్రీల కోసం ఒక భారతీయ స్త్రీ ఇంగ్లీషులో నడుపుతున్న పత్రిక అది. పరదా చాటున ఇంగ్లీషు నేర్చుకున్న రచయిత్రికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది? భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న భర్త క్యాంపుకు వెళ్లినప్పుడు ఊసుపోక రాసిన ఈ కథను, ఆయన తిరిగి వచ్చాక నిలుచునే చదివేసి, “భయంకరమైన ప్రతీకారం!” అన్నారట. 1908లో కలకత్తాలో ఇది పుస్తకంగా వెలువడింది.

ఇక మొదటి ప్రశ్న. డిగ్రీలో మొదటిసారి చదివినప్పుడు, మగవాళ్లను జనానాలో కూర్చోబెట్టి ఆడవాళ్లు రాజ్యమేలే ఈ కథ నాకు వట్టి వెటకారంగానే తోచింది. చాలా ఏళ్ల తరవాత అమ్మమ్మకు తెలుగులో చెబుతూ ఉంటే నా పొరపాటు తెలిసింది. ఆ దేశంలో ఒక మహిళా విశ్వవిద్యాలయం గొట్టాలు తగిలించిన బెలూనుతో మబ్బుల నుంచి నీళ్లు తోడుకుంటుంది. మరొకటి ఎండ వేడిని పోగుచేసి దాచుకుంటుంది. శత్రువులు దండెత్తినప్పుడు మగ సైన్యం ఓడిపోగా, రెండువేలమంది విద్యార్థినులు ఆ వేడినే వాళ్లమీదికి మళ్లించి తరిమేస్తారు. ఈ యంత్రాలను తీసేస్తే కథ నిలబడదు కనుక, నా లెక్కలో ఇది నికార్సయిన సైన్స్ ఫిక్షనే.

అమ్మమ్మను మాత్రం యుద్ధం అంతగా ఆకట్టుకోలేదు. ఎండ వేడితోనే వంట, బొగ్గూ పొగా లేని వంటిల్లు అనగానే, “మరి వానాకాలం?” అని నిలదీసింది. వేడిని నిల్వ ఉంచుకుంటారని చెప్పాక గాని ముందుకు సాగనివ్వలేదు. ఆడవాళ్లు ఆఫీసు పని రెండు గంటల్లో ఎలా ముగిస్తారో చెప్పే చోట, ఒక చుట్ట కాలడానికి అరగంట, రోజుకు పన్నెండు చుట్టలు, అంటే మగవాళ్లకు ఆరు గంటలు పొగకే సరి అని రచయిత్రి లెక్క కడతారు. అది విని అమ్మమ్మ పడీపడీ నవ్వి, “పన్నెండేనా? మీ తాతయ్యకు మధ్యాహ్నం భోజనం లోపే అయిపోయేవి” అంది.