‘మ్యాక్‌బెత్’ చదువుతుంటే గుండె దడ, నిద్ర పట్టడం లేదు.. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 22. హాస్టల్లో ఉండి ఎంఏ ఇంగ్లిష్ చదువుతున్నాను. పోయిన సెమిస్టర్‌లో ఫస్ట్ ర్యాంకు కోసం మా రూమ్మేట్ నోట్స్ దాచేశాను. నాకు ర్యాంకు వచ్చింది, తనకు ఒక పేపర్ పోయింది. ఆ సంగతి తనకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు మాకు షేక్‌స్పియర్ నాటకం ‘మ్యాక్‌బెత్’ పాఠం జరుగుతోంది. నెత్తురు, సముద్రం అంటూ వచ్చే లైన్లు సరిగా అర్థం కావు గానీ చదివితే గుండె దడ. నెల రోజులుగా నిద్ర లేదు. ఊరికే చేతులు కడుక్కుంటున్నాను. నాకేమైనా జబ్బా డాక్టర్?

సలహా: ముందు ఆ లైన్ల సంగతి చూద్దామమ్మా. రెండో అంకంలో రాజును చంపి వచ్చిన మ్యాక్‌బెత్ తన చేతులు చూసుకుంటాడు. సముద్రమంత నీళ్లు పోసినా ఈ నెత్తురు పోతుందా అనుకుని, పోదు, నా చెయ్యే సముద్రాలన్నిటినీ ఎర్రగా మార్చేస్తుంది అంటాడు. ‘మల్టిట్యూడినస్’ (లెక్కలేనన్ని), ‘ఇన్‌కార్నడైన్’ (ఎర్రగా మార్చడం) లాంటి నోరు తిరగని మాటల దగ్గర చాలామంది ఆగిపోతారు. షేక్‌స్పియర్ ఆ వెంటనే అదే సంగతిని ‘మేకింగ్ ద గ్రీన్ వన్ రెడ్’ అని చిన్న మాటల్లో మళ్లీ చెప్పాడు. ‘గ్రీన్’ దగ్గర కాస్త ఆగి, ‘వన్ రెడ్’ కలిపి చదవండి. ఆకుపచ్చ సముద్రమంతా ఒకటే ఎరుపు అని తేలిపోతుంది.

కాసిన్ని నీళ్లతో పోతుందిలే అని అప్పుడు తేలిగ్గా అన్న మ్యాక్‌బెత్ భార్యే ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకుంటుంది. పావుగంట సేపు ఇలాగే రుద్దుకోవడం చూశానని పరిచారిక డాక్టరుతో చెబుతుంది. పక్కన ఎప్పుడూ దీపం ఉండాలట. ఈ సీన్ చదివినప్పుడల్లా నాకు ఓపీలో కూర్చున్నట్టే ఉంటుంది. భర్తకు తప్ప ఎవరికీ తెలియని ఆ హత్య మాట ఆమె మెలకువలో బయటపెట్టలేదు, నిద్రలోనే నోరు విప్పింది. ఆమెను అంతలా తినేసింది అలా దాచుకోవడమేనని నా నమ్మకం.

ఆశ గురించి మొదటి అంకంలో ఒక పోలిక ఉంది. గుర్రమెక్కబోయిన మనిషి మరీ ఎగిరి, జీను దాటి అవతలి పక్క పడతాడు. ఫస్ట్ ర్యాంకు కావాలనుకోవడం తప్పు కాదు. నోట్స్ దాచిన రోజు మీరు అవతలి పక్క పడ్డారు.

తప్పు చేసినందుకు మనసు గుచ్చుకోవడం జబ్బు కాదు. కానీ నెల రోజుల నిద్రలేమిని వదిలేయకూడదు. ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకోండి, నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. చేతులు కడగడానికే రోజుకు గంటకు పైగా పోతున్నా, ఆపితే తట్టుకోలేనంత కంగారు వస్తున్నా ఓసీడీ (వద్దనుకున్నా అదే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కావచ్చు. రెండు వారాలుగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డిప్రెషన్ కావచ్చు. రెండింటికీ మంచి మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పక్కనున్న వాళ్లకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ నాటకంలో డాక్టరు, ఈ రోగం నా విద్యకు అందదని చేతులెత్తేశాడు. నేను అలా అనను. కాస్త కుదుటపడ్డాక రూమ్మేట్‌ను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆమె కోప్పడొచ్చు, గది మారిపోవచ్చు, అసలు క్షమించకపోవచ్చు. అయినా చెప్పండి. ఒంటరిగా చెప్పడానికి భయమైతే మీకు నమ్మకమున్న లెక్చరర్‌ను తోడు తీసుకెళ్లండి. పోయిన పేపర్ మళ్లీ రాయడానికి ఆమె ఒప్పుకుంటే పక్కన కూర్చుని చదివించండి. ఆ నోట్స్ ఇంకా మీ దగ్గరే ఉంటే, ముందు అవి ఆమె చేతికి ఇవ్వండి.