ఎమ్మెల్యే గారి ఉగాది లేఖ రాయబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం,
ఎం.వి.పి. కాలనీ.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బడ్జెట్ సమావేశాలు ముగియగానే ఎమ్మెల్యే గారి తరఫున నియోజకవర్గ ప్రజలకు ఉగాది లేఖ రాసే పని నీకు అప్పగించారనీ, పాత నమూనా ఏదైనా ఉంటే పంపమనీ అడిగావు. నమూనా పంపను. శాసనసభ్యుల కార్యాలయాల్లో ఇటువంటి లేఖలు రాస్తూ, దిద్దుతూ ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను, పాత లేఖను ముందు పెట్టుకుని రాస్తే అందులోని ఆర్భాటమే కొత్త లేఖలోకీ వచ్చి కూర్చుంటుంది. దానికి బదులుగా ఒక్క నియమం చెబుతాను. నీవు ప్రస్తావించే ప్రతి విషయం ఇప్పుడు ఏ దశలో ఉందో, దాని మీద నిర్ణయాధికారం ఎవరిదో చదివేవారికి స్పష్టంగా తెలియాలి. ఆ రెండూ చెప్పలేని విషయాన్ని లేఖలో చేర్చవద్దు.

ముందుగా బిల్లుల సంగతి. శాసనసభలో చేతులెత్తి ఆమోదించగానే చట్టం వచ్చేసిందని రాయడం మన కార్యాలయాలకు బాగా అలవాటైన పొరపాటు. శాసనసభ ఆమోదం తరువాత శాసనమండలి ఉంది, ఆపైన గవర్నరు ఆమోదం ఉంది, కొన్నింటికి రాష్ట్రపతి ఆమోదం కూడా కావాలి. రాజపత్రంలో, అంటే గెజిట్‌లో, ప్రచురితమైన తరువాత కూడా, ఫలానా తేదీ నుంచి అమలు అని ప్రభుత్వం వేరుగా ప్రకటించేదాకా నిద్రాణంగా ఉండే చట్టాలున్నాయి. మహిళలపై నేరాలకు సత్వర శిక్షల కోసం 2019 డిసెంబరులో ఉభయసభలూ ఆమోదించిన దిశ బిల్లును గుర్తు చేసుకో. ఆ పేరుతో పోలీసు స్టేషన్లు వెలిశాయి, మొబైల్ యాప్ వచ్చింది, ఊరంతా దానిని దిశ చట్టమనే పిలిచింది. కానీ రాష్ట్రపతి ఆమోదం లభించకపోవడంతో ఆ బిల్లు చట్టం కాలేదు.

మన నగరానికి మరింత దగ్గరి ఉదాహరణ పరిపాలన వికేంద్రీకరణ బిల్లు. విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా చేయాలన్న ఆ బిల్లును శాసనసభ 2020 జనవరి 20న ఆమోదించగా, రెండు రోజులకే మండలిలో అది సెలెక్ట్ కమిటీ (సభ్యుల పరిశీలన సంఘం) పేరిట ఆగిపోయింది. రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం సాధారణ బిల్లును మండలి మూడు నెలలు ఆపగలదు. శాసనసభ రెండోసారి ఆమోదించి పంపితే మరొక నెలకు మించి ఆపలేదు. ఆ లెక్క ప్రకారమే జూన్‌లో శాసనసభ దానిని మళ్లీ ఆమోదించింది, జూలై 31న గవర్నరు సంతకం చేశారు, మరుసటి ఏడాది నవంబరులో దానిని రద్దు చేసే బిల్లును అదే శాసనసభ ఆమోదించింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది నా ఉత్తరానికి సంబంధించిన విషయం కాదు. ఆ మధ్యకాలంలో స్థలం కొనాలా అమ్మాలా అని తర్జనభర్జన పడిన కుటుంబానికి, తమ శాసనసభ్యుని లేఖలో బిల్లు ఏ మెట్టు మీద ఉందో ఒక్క వాక్యం కనిపించి ఉంటే ఎంత మేలు జరిగేదో ఆలోచించు. కాబట్టి ప్రతి బిల్లు పక్కనా సభ ఆమోదించిన తేదీ, ప్రస్తుతం ఎవరి వద్ద ఉన్నదీ, అమలు తేదీ వచ్చిందా లేదా అనేవి తప్పక రాయి. ఆ వివరాలు పత్రికల్లో వెతకవద్దు. శాసనసభ సచివాలయం విడుదల చేసే కార్యకలాపాల పత్రాలనూ, రాజపత్రాన్నీ చూసి రాయి.

బడ్జెట్ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. పద్దులో కేటాయింపు కనిపించినంత మాత్రాన రోడ్డు పడదు. పరిపాలనా అనుమతి జీవో రావాలి, ఇంజనీర్ల సాంకేతిక అనుమతి రావాలి, టెండరు పిలవాలి, ఒప్పందం కుదరాలి. చేసిన పనికి బిల్లు మంజూరు కావడం మరొక కథ. శంకుస్థాపన ఫొటో వేసి "పూర్తి చేశాం" అన్న ధోరణిలో రాస్తే ఆ రోడ్డు మీద రోజూ నడిచేవారు నవ్వుకుంటారు. ఫొటోల విషయంలో నా మాట చెల్లదని తెలుసు. మొదటి పేజీలో సగం నాయకుల ముఖాలకే పోతుంది. మిగిలిన సగమైనా కాపాడుకో.

ఇక అధికారం ఎవరిదన్న ప్రశ్న. మన ఊళ్లో ఎక్కువమంది అడిగేది ఉక్కు కర్మాగారం గురించే. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ; 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ కేంద్ర మంత్రివర్గ నిర్ణయం. మన శాసనసభ 2021 మేలో ప్రైవేటీకరణ వద్దని తీర్మానం చేసింది, కానీ తీర్మానం కేంద్రానికి విన్నపమే తప్ప ఆదేశం కాదు. దక్షిణ కోస్తా రైల్వే జోన్ కూడా కేంద్రం చేతిలోనిదే. వీటిలో ఎమ్మెల్యే గారు ఎవరికి వినతిపత్రం ఇచ్చారో, ఏమి జవాబు వచ్చిందో రాయి. "సాధించాం" అన్న క్రియాపదాన్ని మాత్రం దరిచేరనీయకు. వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త తరలింపు మన నగరపాలక సంస్థ జీవీఎంసీ పని. ఇది చెప్పడం బాధ్యత తప్పించుకోవడం కాదు. సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమానికి అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు వెళ్లాలో, జీవీఎంసీ కార్యాలయానికి వెళ్లాలో తెలియక ఒక పూట కూలి పోగొట్టుకునేవారికి లేఖలోని ఆ ఒక్క వాక్యమే ఆసరా.

నీవు ఎక్కువ స్థలం ఇవ్వవలసినది నిజానికి వేసవి సమాచారానికి. మీ నియోజకవర్గంలో జాలరిపేటలున్నాయి, కొండవాలు కాలనీలున్నాయి, అపార్టుమెంట్లున్నాయి. ముగ్గురికీ కావలసినవి వేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకూ ఇంజను అమర్చిన తెప్పలకూ వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేల రూపాయలకు పెరిగింది. మొత్తం ఎంతో చెప్పి ఊరుకోకుండా, మత్స్యశాఖ సిబ్బంది వివరాలు నమోదు చేసుకోవడానికి వచ్చే రోజున ఎవరు అందుబాటులో ఉండాలో, పడవ రిజిస్ట్రేషనుతో పాటు ఏయే కాగితాలు చూపాలో ఆ శాఖ అధికారిని స్వయంగా అడిగి రాయి. కొండవాలు ఇళ్లకు నీరే పెద్ద బెంగ. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల్లో నీటిమట్టం ఎంత ఉందో, ట్యాంకరు కోసం ఎవరిని సంప్రదించాలో రాస్తే చాలు, నీటి ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం అక్కరలేదు. అపార్టుమెంటు వారికి, ఏడాది ఆస్తిపన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా చెల్లిస్తే ఐదు శాతం రాయితీ వస్తుందని ఒక్క పంక్తిలో గుర్తు చేస్తే సరిపోతుంది.

ఊరి కబుర్లలో ఒక్క హెచ్చరిక. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు అందుకుంటున్న రోగి ఫొటోను, జబ్బు పేరుతో సహా అచ్చు వేయడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఎన్ని కుటుంబాలకు ఎంత సాయం అందిందో చెప్పు, దరఖాస్తు విధానం చెప్పు. కేజీహెచ్ ఆసుపత్రి మంచం మీది మనిషి ముఖం ప్రచారానికి పనికిరాకూడదు.

చట్టపరమైన సంగతి ఒకటి చాలామందికి తెలియదు. సభలో మాట్లాడిన మాటకు రాజ్యాంగం 194వ అధికరణం రక్షణ ఉంది గాని, అదే మాటను ఎమ్మెల్యే గారు తమ సొంత లేఖలో అచ్చు వేయిస్తే ఆ రక్షణ తోడురాదు. పశ్చిమ బెంగాల్ శాసనసభ్యుడొకరు సభలో అనుమతి లభించని తన ప్రశ్నలను పత్రికలో ప్రచురించినందుకు పరువునష్టం కేసు ఎదుర్కోగా, సభ్యుని హక్కు ఆయనను కాపాడదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. కాబట్టి ఒక అధికారి మీదో, కాంట్రాక్టరు మీదో సభలో వేడిగా అన్నమాటలను యథాతథంగా ఎత్తి రాయవద్దు; రికార్డుల నుంచి తొలగించిన మాటలనైతే అసలు తాకవద్దు. స్థానిక ఎన్నికల ప్రకటన వెలువడితే లేఖ పంపిణీ ఆపి, నియమావళి ఏమంటుందో ఎన్నికల అధికారిని అడిగి తెలుసుకో.

ముసాయిదా సిద్ధమయ్యాక ఎమ్మెల్యే గారికి చూపేముందు నాకు ఒక ప్రతి పంపు. తేదీలూ, జీవో నంబర్లూ ఎర్ర సిరాతో సరిచూసి రెండు రోజుల్లో తిప్పి పంపుతాను. పండగ దాటితే ప్రెస్సు ఖాళీ ఉండదు, జాలరిపేటలకు మాత్రం ఏప్రిల్ మొదటి వారానికే లేఖ చేరాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న