రాళ్ళెక్కే జీపుకు యాక్సిల్ ఎంచుకునే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పాత సీజే-3బీ జీపును రాళ్ళ గుట్టలెక్కే బండిగా తయారు చేస్తున్నావనీ, మొన్న బండల మీద వెనక షాఫ్టు, అంటే ఇరుసు లోపల ఉండి చక్రాన్ని తిప్పే కడ్డీ, తెగిందనీ, ఎంత ఖర్చయినా సరే డానా 60 అనే భారీ రకం యాక్సిళ్ళ జత తెప్పించి బిగించాలని ఉందనీ రాశావు. క్వారీ టిప్పర్లకూ జీపులకూ యాక్సిల్ పని చేస్తూ ముప్పై అయిదేళ్ళు గడిపినవాడిని కనుక నాకు తెలిసినంతా వివరంగా రాస్తున్నాను. బలమైన యాక్సిల్ కావాలన్న నీ కోరికలో తప్పు లేదు. కానీ ఎంత పెద్ద యాక్సిల్ అన్నది చివర అడగవలసిన ప్రశ్న. భారం మితిమీరినప్పుడు బండిలో ఏ భాగం ముందుగా విరగాలి, అది విరిగితే గుట్ట మీదనే మార్చుకోగలవా అన్నది ముందు తేల్చుకోవాలి.

మన ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. ఏకశిలా నగరమని ఊరికే అనలేదు. ఈ గ్రానైటు ఎండాకాలంలో గరుకుగా ఉండి టైరును గట్టిగా పట్టుకుంటుంది. బురదలో చక్రం జారుతుంది, ఆ జారుడే షాఫ్టును కాపాడుతుంది. పొడి బండ మీద ఆ వెసులుబాటు ఉండదు. చెరువు గట్ల మీదా పొలం బాటల్లోనూ ఏళ్ళ తరబడి నడిచిన షాఫ్టు గుట్ట మీద ఒక్క పూటలో తెగడానికి కారణం ఇదే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నువ్వు మార్చి బిగించిన డీజిల్ ఇంజను 20 కిలోగ్రామ్-మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనీ, గేరుబాక్సు మొదటి గేరు 4 రెట్లు, ముందు వెనక ఇరుసులకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని ‘లో’ గేరు రెండున్నర రెట్లు పెంచుతాయనీ అనుకో. అక్కడి నుంచి ఇరుసుకు బలాన్ని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి అది 200 అవుతుంది. ఇరుసు నడుమ ఉండే పళ్ళ చక్రాల జత, అంటే క్రౌన్-పినియన్, సీజే-3బీలో 5.38 రెట్లు పెంచుతుంది కాబట్టి యాక్సిల్ దగ్గర 1076. ఇక టైరు వైపు నుంచి చూడు. ఎక్కుడులో వెనక చక్రం ఒక్కదాని మీద 700 కిలోల బరువు పడిందనుకుంటే, 33 అంగుళాల టైరుకు వ్యాసార్ధం 0.42 మీటరు కాబట్టి, బండ పూర్తి పట్టు ఇచ్చినా దాదాపు 300 కిలోగ్రామ్-మీటర్ల దగ్గర చక్రం జారిపోతుంది. అంటే మామూలుగా షాఫ్టు మీద భారాన్ని నిర్ణయించేది టైరు పరిమాణమూ బండి బరువూ తప్ప ఇంజను కాదు. 37 అంగుళాల టైరు వేస్తే అదే బరువుకు ఆ అంకె దాదాపు 330 అవుతుంది. అయితే చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని జారే వీలు లేకపోతే, రెండు పక్కల చక్రాలను కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేసి ఉంటే, ఆ 1076లో చాలా భాగం ఒకే షాఫ్టు మీదికి వస్తుంది. నీ షాఫ్టు అలాగే తెగి ఉంటుందని నా అనుమానం.

ఆ తెగిన ముక్కను పారేయకు. డీజిల్‌తో కడిగి, ఎండలో పెట్టి, తెగిన ముఖాన్ని దగ్గరగా చూడు. ఒక పక్క నుంచి మొదలై ఆల్చిప్ప మీద గీతల్లా వంపు వంపుగా నునుపైన నల్లని చారలు ఉండి, మిగిలిన భాగం మాత్రం కొత్తగా, గరుకుగా ఉంటే, అది చాలా కాలంగా చిన్న పగులుతో నడుస్తూ వచ్చిన షాఫ్టు. మొన్నటి గుట్ట దాని చివరి రోజు మాత్రమే. ముఖమంతా ఒకేలా కొత్తగా ఉండి, షాఫ్టు చివర నిలువుగా కోసిన స్ప్లైన్ గాడులు తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటే, అది ఒక్కసారిగా పడిన భారానికి తెగింది. మొదటి సందర్భంలో కొత్త షాఫ్టు వేస్తే సరిపోవచ్చు, రెండో సందర్భంలోనే పెద్ద షాఫ్టు గురించి ఆలోచించాలి. ఇకపై బిగించే ప్రతి షాఫ్టు మీదా నిలువునా తిన్నగా ఒక పెయింటు గీత గీసి లోపలికి తొయ్యి. నాలుగైదు సార్లు గుట్టకు వెళ్ళొచ్చాక ఊడదీసి చూస్తే, గీత మెలి తిరిగి కనిపించిన షాఫ్టు ఇంకా తెగకపోయినా దాని పని అయిపోయినట్టే. నేను టిప్పర్లలో ఇలాగే కనిపెట్టేవాడిని.

షాఫ్టు బలం దాని వ్యాసపు ఘనాన్ని (వ్యాసాన్ని మూడుసార్లు గుణించిన అంకెను) బట్టి పెరుగుతుంది. తర్వాతి కాలపు డానా 44లో 30 స్ప్లైన్ల షాఫ్టు వ్యాసం 1.31 అంగుళాలు, డానా 60లో 35 స్ప్లైన్ల షాఫ్టుది 1.5 అంగుళాలు. చూడడానికి తేడా చిటికెన వేలి గోరంత కూడా లేదు కానీ, ఒకే ఉక్కుతో చేస్తే రెండోది ఒకటిన్నర రెట్లు మెలితిప్పును తట్టుకుంటుంది. అదే వ్యాసంలో మామూలు కార్బన్ ఉక్కుకు బదులు 4340 నికెల్-క్రోమియం-మాలిబ్డినం మిశ్రమ ఉక్కు వాడినా బలం బాగా పెరుగుతుంది, హౌసింగ్ (ఇరుసు పైగూడు) మార్చే పని ఉండదు. కాకపోతే మిశ్రమ ఉక్కు పేరు చెప్పి మామూలు షాఫ్టు అంటగట్టేవాళ్ళున్నారు. ఒకసారి ఒక దుకాణంలో అలాంటి జత కొని, ఆకురాయితో గీకి చూడకుండానే బిగించాను. మూడో వారానికి రెండూ మెలి తిరిగాయి, బండి యజమాని దగ్గర నా మాట పోయింది. వేడిచేసి గట్టిపరిచిన ఉపరితలం మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని ఉక్కును కొరుకుతుంది. గట్టిదనం ఒక్కటే ఉక్కు రకాన్ని చెప్పదు కనుక పరీక్ష పత్రం కూడా అడుగు.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. నీ జీపు వెనక యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకం. అందులో షాఫ్టు చక్రాన్ని తిప్పడమే కాదు, బండి బరువును కూడా మోస్తుంది. పైగా పాత రకం షాఫ్టు చివర క్రమంగా సన్నబడి, చక్రం బిగించే హబ్బును ఒక కీ, ఒక నట్టు పట్టుకుని ఉంటాయి. హబ్బు వైపు షాఫ్టు తెగితే చక్రమే ఊడి వస్తుంది. ఏటవాలు బండ మీద అలా జరిగితే ఏమవుతుందో నీకు రాయనక్కరలేదు. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువునంతా హౌసింగ్ చివరి స్పిండిల్ (కదలని గొట్టం) మీద ఉండే హబ్బు బేరింగులు మోస్తాయి, షాఫ్టు తిప్పడం వరకే చేస్తుంది. అది తెగినా చక్రం నిలబడే ఉంటుంది. హబ్బు బోల్టులు విప్పి, ముక్క లాగేసి, ముందు చక్రాల బలంతో దిగి రావచ్చు. పెద్ద లారీలకు ఈ పద్ధతే. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు కూడా వెనక ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిలే ఉండేది. పెద్ద యాక్సిలా, ఫుల్ ఫ్లోటింగా అని ఒక్కదానికే డబ్బులుంటే, నేను ఏమాత్రం తటపటాయించకుండా ఫుల్ ఫ్లోటింగ్ వైపే మొగ్గుతాను.

ముందు యాక్సిల్ సంగతి వేరు. అక్కడ షాఫ్టు కంటే ముందు చక్రం పక్కకు తిరిగే చోట షాఫ్టు వంగడానికి ఉండే యూనివర్సల్ జాయింటు పోతుంది. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే ఆ జాయింటు నడుమ ఉండే కూడిక గుర్తు ఆకారపు క్రాస్ వాలుగా పని చేస్తూ, దాన్ని పట్టుకున్న యోక్ చెవులను విప్పదీస్తుంది. చిన్నవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే: చక్రం రాయిని తన్నుకుని ఆగగానే ఇంకాస్త తిప్పి, ఇంకాస్త తొక్కుతారు. మరొక సూక్ష్మం కూడా ఉంది. వెనక యాక్సిల్ కోసం కోసిన క్రౌన్-పినియన్‌ను ముందు వాడితే, బండి ముందుకు వెళ్ళేటప్పుడు బలం పంటికి బలహీనమైన వైపున పడుతుంది. పినియన్ పైభాగాన ఉండి, పళ్ళు ఎదురు దిశలో కోసిన హై పినియన్ రకంలో ఆ లోపం ఉండదు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా రాళ్ళకు ఎత్తుగా ఉంటుంది. నీ బండికి ముందున్న డానా 25 చిన్నది. ఖర్చు పెట్టడం అక్కడి నుంచి మొదలుపెట్టు.

అయితే క్రాస్‌ను మాత్రం బండిలో అన్నిటికంటే బలమైన భాగం చేయకు. సంచిలో రెండు స్పేర్ క్రాసులు, ఒక స్పేర్ షాఫ్టు పెట్టుకుంటే చెట్టు నీడన కూర్చుని మార్చుకోవచ్చు. అదే క్రౌన్ పళ్ళు రాలితే బండిని మోసుకు రావాలి. నిష్పత్తి ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకో. 5.38 అంటే 43 పళ్ళ క్రౌన్‌కు 8 పళ్ళ పినియన్, 4.10 అంటే 41 పళ్ళకు 10. అంకె పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది, ఏ క్షణమైనా బలం తక్కువ పళ్ళ మీదే పడుతుంది. అందుకే మెల్లగా పాకే వేగాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు నుంచి ఎక్కువగా రాబట్టి, యాక్సిల్ నిష్పత్తిని మితంగా ఉంచడం మేలు.

డానా 60 వల్ల నష్టం లేకపోలేదు. దాని క్రౌన్ 9.75 అంగుళాలు, డానా 44ది 8.5, అంటే నడుమ ఉబ్బెత్తు భాగం కనీసం అర అంగుళానికి పైగా కిందికి దిగి ముందుగా రాయిని తాకుతుంది. బరువు కిందికి చేరడం ఏటవాలులో బండిని నిలబెడుతుందన్నది నిజమే కానీ, పదిహేను వందల కిలోల జీపు కమాన్ కట్టలకు (పట్టీల స్ప్రింగులకు) అంత బరువైన యాక్సిల్ తగదు. 37 అంగుళాల టైర్లు, రెండు టన్నులు దాటిన బండి అయితే నేనే డానా 60 తెమ్మనేవాడిని. నీకు 33 చాలు కాబట్టి, 30 స్ప్లైన్ల మిశ్రమ ఉక్కు షాఫ్టులున్న డానా 44 ముందూ వెనకా చాలు, వెనకది ఫుల్ ఫ్లోటింగ్‌గా మార్చినదై ఉండాలి. పోత ఇనుము మధ్యభాగానికి గొట్టాలు చేరేచోట వెల్డింగ్ చేయిస్తే ముందుగా వేడిచేసి, నికెల్ రాడ్‌తో చేయించి, మెల్లగా చల్లారనివ్వు. తొందరపడితే పక్కనే పగులుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే స్పష్టం చేసింది. ఈ బండిని రోడ్డు మీద నడపకు; లారీ మీద ఎక్కించి, అనుమతి ఉన్న సొంత స్థలంలోకే దించు.

యాక్సిల్ బేరానికి వెళ్ళేముందు నాకు నాలుగు కొలతలు రాసి పంపు. టైర్లతో సహా బండి ముందు బరువెంత, వెనక బరువెంత; ఈ రెంటికీ వే బ్రిడ్జి మీద ఒక్కో ఇరుసు విడిగా తూయించు. కమాన్ కట్టల మధ్య దూరమెంత. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకు వచ్చే షాఫ్టు ఏ పక్కన ఉంది. ముందు డిఫరెన్షియల్ కూడా ఆ పక్కనే ఉండాలి. ఆ తెగిన షాఫ్టు ముక్కను గుడ్డలో చుట్టి, నూనె రాసి, ఈ ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా. దాని ముఖం చూశాకే మిగతా మాట.

మీ మామ