పిడుగులు కొలిచే చదువా, సీఎస్‌ఈ ఏఐ సీటా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర. పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఏదో వీడియో చూసి, ఉరుముల మేఘాల దగ్గర విమానంలో తిరుగుతూ మెరుపుల్ని కొలిచే సైంటిస్టు అవుతానంటోంది. మేం సీఎస్‌ఈ ఏఐ సీటుకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. రెండిట్లో ఏది మంచిదండి?

జవాబు: ఏది మంచిదని అడిగారు గానీ మీ బెంగంతా పిల్లకేమవుతుందో అని, తెలుస్తూనే ఉందండి. ఈ పనిలో ఎక్కువమంది కూర్చునేది నేలమీదే. 2023లో నాసా వాళ్ళ ఈఆర్-2 విమానం ఫ్లోరిడా నుంచి లేచి దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తులో, మేఘాల పైనుంచి తిరిగింది, అందులో ఉండేది ఒక్క పైలటే, సైంటిస్టులంతా కింద డేటా చూసుకుంటూ ఉన్నారు. 1980ల్లో మాత్రం నాసా వాళ్ళే ఎఫ్-106 అనే ఫైటర్ విమానాన్ని కావాలనే మేఘాల్లోకి పంపి 700కి పైగా పిడుగులు కొట్టించుకున్నారు, అదీ క్షేమంగానే దిగింది లెండి. ఉరుములప్పుడు కొబ్బరిచెట్ల కింద నిలబడే మన కోనసీమ వాళ్ళ గురించే నాకు ఎక్కువ భయం.

అసలు తిప్పలు కొలవడంలో ఉన్నాయి. విమానం లోహం కాబట్టి చుట్టూ ఉన్న ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని వంచేస్తుంది, పైగా దానికీ ఛార్జ్ ఎక్కుతుంది. అందుకని ఆ ఫీల్డ్‌ని కొలవడానికి, తిరిగే రేకులుండే ఫీల్డ్ మిల్లులనే పరికరాలు విమానం ఒంటినిండా అక్కడక్కడా బిగించి, మేఘం వాటా ఎంత విమానం వాటా ఎంత అని లెక్కగట్టి విడదీస్తారు. అదంతా ఫిజిక్సు, మ్యాథ్సు, మీరు ముచ్చటపడే కోడింగూ.

ఇక ఆ సీటు సంగతి. బ్రాంచి పేరు చివర ఏఐ తగిలించిన కాలేజీలంటే నాకు డౌటేనండి, ఆ సబ్జెక్టు చెప్పేదెవరు, ల్యాబులో ఏముంది అని ఒక్కసారైనా అడిగారా? రొయ్యల చెరువు లీజుకి కూడా నీళ్ళు చూసి గానీ అడ్వాన్స్ ఇవ్వరు కదా, పిల్ల నాలుగేళ్ళకి ఏం చూసి ఇచ్చారు? అదీ దాన్ని అడక్కుండా. కోపం వచ్చిందండి, ఏమీ అనుకోకండి.

పాప దారి కూడా పూలబాట కాదు. విమానంలోంచి మెరుపులు కొలిచే ఉద్యోగం అని మన దగ్గర నోటిఫికేషన్ రాదు. ఫిజిక్స్ డిగ్రీ, తర్వాత విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ, అంటే వాతావరణ శాస్త్రం, లేదా తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ, ఆపైన పీహెచ్‌డీ, సంపాదన మొదలవడం లేటే. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చేసిన పుణె వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఎన్ఏఆర్ఎల్ లాంటివి ఉన్నాయి, పోస్టులు తక్కువ. ఈసీఈ చేసినా యాంటెనాలు, రిసీవర్ల వైపు నుంచి ఇటే రావచ్చు, మీ ఇద్దరికీ అదే రాజీ అనిపిస్తోంది నాకు.

ఎలక్ట్రోస్టాటిక్స్ చాప్టర్ లెక్కలు పాప ఇష్టంగా చేస్తోందో లేదో చూడండి. ఈలోగా ఆ అడ్వాన్స్ తిరిగిస్తారేమో కాలేజీ వాళ్ళని అడిగి పెట్టుకోండి.