మూడా, ఆరా? జీడిమెట్లలో మాకు తేలిన లెక్క

మీరు అడిగింది ఇదీ: 300 మంది యూజర్లున్న కంపెనీలో ఎస్‌ఏపీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారు. దాన్ని పెట్టిచ్చే ఇంప్లిమెంటేషన్ పార్టనర్ ఆరు సిస్టమ్స్, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆరు విడి కాపీలు, కావాలంటున్నాడు. మీ ఫైనాన్స్ హెడ్‌గారేమో "టెస్టుకొకటి, అసలుదొకటి, రెండు చాలవా?" అంటున్నారు. నా మాట వింటే మూడుతో మొదలుపెట్టండి. నాలుగోది అవసరమైతే అదే అడుగుతుంది.

అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో ఒకే సర్వర్ మీద నలభై మందిమి ప్రాక్టీసు చేసేవాళ్లం. నేను రాత్రి పెట్టుకున్న సెట్టింగ్‌ని పొద్దున్నే ఇంకో బ్యాచ్ కుర్రాడు మార్చేసేవాడు. నా ఎంట్రీ పోస్ట్ అయ్యేది కాదు. వాడూ పాపం కోర్సు నేర్చుకోవడానికే వచ్చాడు. సిస్టమ్స్ లెక్కంతా అక్కడే ఉంది. ఒకరు మారుస్తూ ఉండాలి, అదే సమయంలో ఇంకొకరికి ఏదీ కదలకూడదు అంటే, ఆ ఇద్దరికీ వేరే సిస్టమ్స్ కావాలి. అలాంటి జతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మాడ్యూల్స్ ఎన్ని, యూజర్లు ఎంతమంది అన్నది తర్వాత.

డెవలప్‌మెంట్ (మార్పులు చేసేది), క్వాలిటీ (టెస్టు చేసేది), ప్రొడక్షన్ (అసలు పని నడిచేది) అని మూడు ఎందుకంటే, డెవలప్‌మెంట్‌లో ఎప్పుడూ సగం రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, అక్కడ చేసిన టెస్టుకు విలువ లేదు. ఇంకో కారణం చాలామందికి తట్టదు. మార్పులు ట్రాన్స్‌పోర్ట్‌లనే మూటల రూపంలో ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి వరుసగా వెళ్తాయి. రెండే సిస్టమ్స్ ఉంటే ఆ వరుస తప్పిందని మొదటిసారి తెలిసేది ప్రొడక్షన్‌లోనే. క్వాలిటీ సిస్టమ్ ఆ ప్రయాణానికి కూడా రిహార్సల్. మీ ఫైనాన్స్ హెడ్‌గారికి ఇది చెబితే చాలు, రెండు అనే మాట మళ్లీ ఎత్తరు.

మాకు నాలుగోది ఎలా వచ్చిందో చెప్తాను. అది జీడిమెట్లలో ఒక మందుల ప్లాంట్. అక్కడ క్యూఏ అంటే మందుల నాణ్యత చూసే డిపార్ట్‌మెంటు, మాకు క్యూఏ అంటే క్వాలిటీ సర్వర్. మొదటి నెల మీటింగులు సగం ఈ తికమకతోనే గడిచాయి. క్వాలిటీ సిస్టమ్‌లో యూఏటీ (యూజర్లే చేసి చూసే టెస్టు) నడుస్తుండగా, గడువు దగ్గర పడిందని ట్రైనింగ్ కూడా అందులోనే పెట్టాం. స్టోర్స్‌లో పెద్దాయన ఒకరు, ఎంతో శ్రద్ధగా నేర్చుకునే మనిషి, క్లాసులో చెప్పినట్టే ఒక బ్యాచ్‌ని ఇష్యూ చేసేశారు. అది రిజెక్షన్ టెస్టు కోసం మూడు రోజులు తంటాలు పడి తయారుచేసుకున్న బ్యాచ్. స్టాక్ సున్నా. టెస్టు మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు ట్రైనింగ్‌కి వేరే సర్వర్ కొనలేదు, క్వాలిటీ సిస్టమ్‌లోనే ఇంకో క్లయింట్ (అదే సిస్టమ్‌లో డేటా వేరుగా ఉండే అర) తెరిచాం. డేటా వేరైతే చాలు అనుకునేచోట క్లయింట్ సరిపోతుంది. ప్రోగ్రామ్‌లు మాత్రం అన్ని క్లయింట్లకూ ఒకటే, కాబట్టి కోడ్ కూడా వేరుగా ఉండాలంటే కుదరదు.

అది కూడా చాలని సందర్భం వచ్చింది. అమెరికాకు మందులు పంపే ప్లాంట్ కాబట్టి ఎలక్ట్రానిక్ రికార్డులకు 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నిబంధన వర్తిస్తుంది. వాలిడేషన్ స్క్రిప్టులు (సిస్టమ్ సరిగా పనిచేస్తోందని కాగితం మీద రుజువు చేసే టెస్టులు) నడుస్తున్నంత కాలం సిస్టమ్ ఉన్నది ఉన్నట్టే ఉండాలి, చిన్న మార్పుకైనా చేంజ్ కంట్రోల్ కాగితం కావాలి. ఫైనాన్స్ వాళ్ల జీఎస్టీ సవరణలు మాత్రం ఆగవు కదా. ఒకరికి కదలకూడదు, ఇంకొకరికి కదలాలి. అందుకే వాలిడేషన్‌కి విడిగా ఒక సిస్టమ్ పెట్టాం. మీది మందుల కంపెనీ కాకపోతే దీని జోలికి వెళ్లకండి.

ప్రీ-ప్రొడక్షన్ అని పార్టనర్ రాసింది మాక్ కటోవర్ (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే రిహార్సల్) నెలల్లో అద్దెకు తీసుకుంటే చాలు. ప్రయోగాలకు వాడే శాండ్‌బాక్స్ కూడా అంతే, డిజైన్ అయిపోగానే ఆపేయండి. క్లౌడ్ మీదైతే డెవలప్‌మెంట్ సర్వర్‌ని రోజుకు 10 గంటలు, వారానికి 6 రోజులు మాత్రమే నడపండి. వారంలో ఉన్న 168 గంటల్లో అది 60. స్టోరేజీ ఖర్చు ఎలాగూ ఉంటుంది కానీ, మిగతాది బాగా తగ్గుతుంది.

సిస్టమ్స్ ఎక్కువైతే ఖర్చొక్కటే కాదు, ఇంకో బెడద కూడా ఉంది. గో-లైవ్ అయిన, అంటే అసలు పని ఎస్‌ఏపీలో మొదలైన, ఏడాదికి క్వాలిటీని రిఫ్రెష్ చేశాం, అంటే అందులోని పాత డేటా తీసేసి ప్రొడక్షన్ కాపీ పెట్టాం. మంగళవారం పొద్దున గేటు నుంచి ఫోను: "సార్, టోలూయిన్ డ్రమ్ములు 40 వచ్చాయి, దింపించమంటారా?" ఎవరూ ఆర్డర్ పెట్టలేదు. డ్రైవర్ చేతిలోని కాగితం మీద పీవో (కొనుగోలు ఆర్డర్) నంబరు ఉంది. ప్రొడక్షన్‌లో చూస్తే ఆ నంబరు చేతి గ్లవుజుల ఆర్డర్‌ది. విషయమేంటంటే, కాపీ అయ్యాక రెండు సిస్టమ్స్‌లోనూ నంబర్లు ఒకే చోట నుంచి ముందుకు సాగాయి. మా టెస్టర్ క్వాలిటీలో ఒక ఆర్డర్ రిలీజ్ చేశాడు. అక్కడ మెయిల్ ఆపడం మేం మర్చిపోయాం. అది నేరుగా చర్లపల్లి సప్లయర్‌కి వెళ్లింది. ఆయన మంచాయన, లారీ కిరాయి మాత్రం తీసుకుని ఊరుకున్నాడు.

అప్పటి నుంచి రిఫ్రెష్ అయ్యాక చేసే పనులకు ఒక కాగితం, దానికో మనిషి. బయటికెళ్లే మెయిల్ ఆపాలి. బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు నిలపాలి. వెండర్ల మెయిల్ అడ్రస్‌లు డమ్మీవి పెట్టాలి. జీతాలు, ఆధార్, బ్యాంకు ఖాతాలు మాస్క్ చేయాలి; 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ కనెక్షన్‌ని పోర్టల్ వాళ్ల శాండ్‌బాక్స్‌కి తిప్పాలి. అసలు పోర్టల్‌లో ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే నంబరు) పుడితే రద్దు చేయడానికి 24 గంటలే గడువు. శనివారం సాయంత్రం టెస్టులో పుట్టింది సోమవారం ఎవరైనా చూసేసరికి ఏమవుతుందో ఊహించుకోండి. ఇన్ని పనులు ప్రతి సిస్టమ్‌కీ, ప్రతి రిఫ్రెష్‌కీ చేయాలి. మా బేసిస్ టీమ్ (సర్వర్లు చూసుకునేవాళ్లు) అంటే ఇద్దరే, అందులో ఒకరు ఎప్పుడూ సెలవు మీద ఉండేవారు.

కాబట్టి రేపటి మీటింగులో ఆరు వద్దని వాదించకండి. గో-లైవ్ తర్వాత ఈ ఆరింటిలో ఒక్కొక్కదాన్ని రిఫ్రెష్ చేసేదెవరో పేరు రాసివ్వమనండి. మేం ఆ కాగితం అడిగిన వారానికే ఆరు కాస్తా నాలుగై వచ్చింది.