పిల్లలు పాడు చేయరు, మన వైజాగ్ గాలి చేస్తుంది

"ఆరేళ్ళ పాపతో ఇంట్లోనే ఇన్‌స్టంట్ ఓట్స్ మిక్స్ చేయించొచ్చా, అంతా పాడు చేస్తుందేమో" అని అడిగారు. నిక్షేపంలా చేయించండి. పాడు చేసేది పిల్లలు కాదు, మన ఊరి గాలి.

మాది పెదవాల్తేరు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందని అద్దె ఎక్కువ తీసుకుంటారు, గ్రిల్స్‌కి తుప్పు గీకించే ఖర్చు మాత్రం మా నెత్తినే. పోయిన మే నెల సెలవుల్లో మా తమ్ముడి కొడుకు వస్తే, వాడినీ మా పాపనీ వంటింట్లో కూర్చోబెట్టాను. నాలుగు కప్పుల ఓట్స్ సన్న సెగ మీద వేయించడం నా పని. మూకుడు దించాక మిగతాదంతా వాళ్ళదే. చిక్కదనం కోసం అందులోంచి ఒక కప్పు మిక్సీలో పొడి కొట్టారు. కప్పు పాలపొడి, ముప్పావు కప్పు అనకాపల్లి బెల్లం తురుము, యాలకుల పొడి, ఎండు ద్రాక్ష, జీడిపప్పు పలుకులు కలిపారు. ఉప్పు చిటికెడు అన్నాను. "ఎవరి చిటికెడు?" అని కాసేపు పోట్లాడుకుని, చెరో చిటికెడు వేశారు.

ఇంతలో ఫోను మోగింది. నేను మాట్లాడి వచ్చేసరికి వేడి వేడిగా సీసాలో పోసేసి, మూత బిగించి, ఇద్దరి పేర్లూ రాసి అతికించేశారు. గాజుకి లోపల ఆవిరి పట్టింది. చూశాను కూడా, పోనీలే అనుకున్నాను. మర్నాడు సీసా బోర్లిస్తే ఒక్క పలుకు రాలలేదు. అప్పడాల కర్రతో పొడిస్తే ఇటుక పెళ్ళల్లా ఊడింది. మా మేనల్లుడు చిమ్మిలి అనుకుని రెండు పెళ్ళలు కొరికేశాడు!

నెట్‌లో ఈ రెసిపీలు పెట్టేవాళ్ళెవరూ సముద్రం పక్కన కాపురం చేసినవాళ్ళు కాదు. నెలల తరబడి నిలవ ఉంటుందట! వాళ్ళ ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసుకోవాల్సిన పని పడదు కాబోలు. నా లెక్క పదిహేను రోజులు, అదీ తడి చెంచా పెట్టకపోతే. బెల్లం అసలు సీసాలోకే వద్దు, చెమ్మ లాగేస్తుంది. తినేటప్పుడు గిన్నెలో వేసుకోండి. ఓట్స్ పల్చటి రకం కొనండి, మందంగా ఉండేవి వేణ్ణీళ్ళకి మెత్తబడవు. అరకప్పు మిక్స్‌కి కప్పు మరిగే నీళ్ళు పోసి, మూడు నిమిషాలు మూత పెడితే చాలు. ఆ నీళ్ళు మాత్రం మీరే పొయ్యండి.

మా అత్తగారు ఒక చెంచా నోట్లో వేసుకుని "ఏటమ్మా, చోడంబలి మానేసి ఇదా తింతన్నారు?" అన్నారు. చోడంబలి అంటే రాగి జావే. ఆవిడతో వాదన మన వల్ల కాదు. కానీ మొన్న ఆవిడే చోడిపిండి మర పట్టించుకొచ్చి డబ్బాలో పోయబోతే, మా పాప అరచెయ్యి తిప్పి పిండికి ఆనించి, డబ్బా పక్కకి లాగేసింది. "ఇంకా వేడిగా ఉంది మామ్మా, ఆగు" అని.