టెక్ సందేహాలు: లిఫ్ట్‌లో తాళ్ల కన్నా కార్డులకే భయపడాలి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కి కొత్తగా కార్డు రీడర్, ఫోన్ యాప్ పెట్టారు. మొన్న కరెంటు పోయి మధ్యలో ఆగిపోయాం. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒకవేళ తాళ్లు తెగితే, నేల తాకే ముందు పైకి ఎగిరితే బతుకుతామా?

ఈ ఎగరడం గురించి అడగని వారం లేదు. 20 మీటర్ల ఎత్తు నుంచి ఏ అడ్డూ లేకుండా పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 70 కిలోమీటర్లు ఉంటుంది. మామూలు మనిషి ఎగిరితే అందులో తగ్గేది పది కిలోమీటర్లలోపే. పైగా మీరూ క్యాబినూ ఒకే వేగంతో పడుతున్నప్పుడు కాళ్లకు నేలే సరిగా ఆనదు.

అసలు అంతదాకా రాదు. క్యాబిన్‌ను మోసేది ఒక్క తాడు కాదు, నాలుగైదు స్టీల్ రోప్‌లు. అన్నీ తెగినా, వేగం హద్దు దాటగానే దాన్ని గమనించే గవర్నర్ అనే పరికరం పట్టేస్తుంది, క్యాబిన్ కింద ఉన్న ఉక్కు చీలలు అది జారే రెండువైపుల పట్టాలను (గైడ్ రెయిల్స్) కరుచుకుంటాయి. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ తాను నిలబడిన వేదిక తాడును జనం ముందే తెగ్గొట్టించి చూపించింది ఇలాంటి ఏర్పాటునే. బ్రేక్ సంగతీ తెలుసుకోండి. కరెంటు ఉన్నంతసేపే అది తెరుచుకుని ఉంటుంది, పోగానే స్ప్రింగ్ దాన్ని బిగించేస్తుంది. మొన్న మీరు మధ్యలో ఆగారంటే బ్రేక్ సరిగ్గా పనిచేసిందన్నమాట. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తాళ్లకు అవతలి వైపు వేలాడే బరువు దిమ్మె, అంటే కౌంటర్‌వెయిట్, ఖాళీ క్యాబిన్ కన్నా బరువు. అందుకే ఖాళీ లిఫ్ట్‌కి బ్రేక్ వదిలేస్తే అది కిందికి పోదు, పైకి పోతుంది.

నాకు టెన్షన్ పెట్టేది మీరు కొత్తగా పెట్టించుకున్న కార్డు. చాలా చోట్ల ఇంకా బిగిస్తున్నవి 125 కిలోహెర్ట్జ్ రకం పాత కార్డులు. వీటిలో చాలావాటికి రహస్యమంటూ ఏమీ ఉండదు. రీడర్ దగ్గర పెట్టగానే లోపలున్న నంబరును ఉన్నదున్నట్టు చెప్పేస్తాయి. చేతిలో పట్టేంత పరికరాన్ని మీ కార్డుకు ఆనించి, ఆ నంబరును ఇంకో ఖాళీ కార్డులోకి ఎక్కించడానికి కొన్ని సెకన్లు చాలు. పనివాళ్లకో డ్రైవర్‌కో ఇచ్చిన కార్డు తిరిగి తీసుకున్నా, దాని నకలు ఎక్కడుందో మీకు తెలియదు. నంబరునే సిస్టమ్‌లో రద్దు చేయాలి. ఎన్ని అసోసియేషన్లు చేస్తున్నాయి? బిగించేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: 'ఈ కార్డు ప్రతిసారీ ఎన్‌క్రిప్షన్‌తో (రహస్య సంకేతంగా మార్చి) జవాబిస్తుందా, లేక ఒకే నంబరు చెబుతుందా?' సమాధానం చెప్పకుండా నీళ్లు నమిలితే వద్దనండి. యాప్‌కి వెనక ఉండే కంట్రోల్ బాక్స్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఉంచారేమో కూడా చూడండి. ఇంటి వైఫైకి మార్చినంత శ్రద్ధ కూడా లిఫ్ట్‌కి పెట్టకపోతే ఎలా?

ఇక సిగ్నల్. ఇనుప పెట్టె, దాని చుట్టూ కాంక్రీటు గోడ. రేడియో తరంగాలు లోపలికి రావడమే కష్టం, ఫోన్ తప్పేం లేదు. అందుకే లోపలి అలారం బటన్ మీ ఫోన్ మీద ఆధారపడకూడదు. అది సిమ్‌తో పనిచేసే రకమైతే రీచార్జ్ గడువు తీరిపోయిన రోజు బటన్ నొక్కినా ఎవరికీ కాల్ పోదు. నెలకోసారి నొక్కి, అవతల ఎవరు ఎత్తుతున్నారో చూడండి. ఆగిపోయినప్పుడు తలుపు విప్పి దూకే ప్రయత్నం మాత్రం చేయకండి. క్యాబిన్‌కీ అంతస్తుకీ మధ్య ఖాళీలోంచి లిఫ్ట్ తిరిగే నిలువు గొయ్యి (షాఫ్ట్) లోకి జారిపోయే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న: లిఫ్ట్ కదలగానే బరువెక్కినట్టు అనిపిస్తుంది. నిజంగా పెరుగుతుందా?

బరువు చూసే మిషన్ ఒకటి లోపల పెట్టి ఎక్కండి. మీరు 60 కిలోలైతే, పైకి బయలుదేరే క్షణంలో ముల్లు 66 దాకా పోతుంది, వేగం నిలకడైతే మళ్లీ 60కి వస్తుంది, పైన ఆగేముందు 54కి దిగుతుంది. శరీరం మారలేదు, నేల మిమ్మల్ని నెట్టే బలం మారింది.

ఈ ప్రశ్న పంపినాయన తమ లిఫ్ట్‌లో బటన్లు తీసేసి టచ్ ప్యానెల్ పెట్టారని కూడా రాశారు. దాని గురించే నాకు కోపం. చూపు లేనివాళ్లు వేలితో తడిమి అంతస్తు తెలుసుకునే బటన్లను పీకేసి నున్నటి గాజు బిగించడం ఏ అప్‌గ్రేడ్? తడి చేతికి పలకదు, గ్లవ్స్ వేసుకుంటే పలకదు. పాత బటన్లు కుదరకపోతే కనీసం అలారం, తలుపు తెరిచే బటన్లయినా చేతికి తగిలేలా ఉంచమని మీ అసోసియేషన్‌ను పట్టుబట్టండి.